కిడ్నీల్లో నీటితిత్తులు: వారసులు తెలుసుకోవలసిన జబ్బు



నేను డాక్టరును కాను, ఎం.బి.ఎ. చదివిన బ్యాంకు ఆఫీసరును. అయినా ఈ ఆరోగ్య సదస్సులో మాట్లాడతానని నేనే అడిగాను. మా నాన్నగారికి పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు ఉంది. నాకూ ఉంది.

ఈ జబ్బులో రెండు కిడ్నీల్లోనూ నీటితిత్తులు పుట్టి, ఏళ్ల తరబడి పెరుగుతాయి. పిడికిలంత ఉండవలసిన కిడ్నీ బాగా ఉబ్బిపోతుంది. పెద్దవాళ్లలో కనిపించే రకం ఎక్కువగా పి.కె.డి.1, పి.కె.డి.2 అనే జన్యువుల్లో లోపం వల్ల వస్తుంది. తల్లికిగాని తండ్రికిగాని ఉంటే, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. ఆడ, మగ తేడా లేదు. డిపాజిట్టుకు నామినీని మనం ఎంచుకుంటాం. ఈ వారసత్వానికి ఆ వీలు లేదు.

చాలామందికి 30, 40 ఏళ్లు వచ్చేదాకా ఏమీ తెలియదు. తరచుగా ముందు కనిపించేది బి.పి. మన ఉద్యోగంలో దాన్ని టార్గెట్ల మీదకో, ఆడిట్ మీదకో నెట్టేయడం సులువు. తర్వాత నడుము పక్కల నొప్పి, మూత్రంలో రక్తం, రాళ్లు, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ రావచ్చు. కాలేయంలోనూ తిత్తులు ఏర్పడతాయి. కొద్దిమందికి మెదడు రక్తనాళం ఒకచోట ఉబ్బి, చిట్లే ప్రమాదం ఉంది. ఎన్నడూ లేనంత తలనొప్పి హఠాత్తుగా వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కిడ్నీలు పాడవుతున్నా క్రియాటినిన్ చాలా ఏళ్లు మామూలుగానే ఉండవచ్చు. నాకు అలాగే ఉండేది. నాన్నగారికి కిడ్నీ ఇద్దామని పరీక్షలకు వెళితే, అల్ట్రాసౌండ్ స్కాన్‌లో నా కిడ్నీల్లోనూ తిత్తులు కనిపించాయి. ఇవ్వడానికి వీల్లేదన్నారు. ఆయన ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళుతున్నారు.

దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. వేగం తగ్గించే టోల్వాప్టాన్ అనే మందు కొందరికి పనికొస్తుంది. బి.పి.ని అదుపులో ఉంచడం, ఉప్పు తగ్గించడం, నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకపోవడం మన చేతిలో ఉన్నవి. నేను ఇవి పాటిస్తున్నాను, బ్రాంచి పని యథాప్రకారం చేసుకుంటున్నాను.

మా అమ్మాయికి 18 ఏళ్లు నిండాయి. స్కాన్ ఎప్పుడు చేయించుకోవాలో తనే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకుంటానంది. బి.పి. మాత్రం ఏటా చూపించుకుంటోంది.

మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే, అది ఏ రకమో అడిగి తెలుసుకోండి. ఈసారి హెల్త్ చెకప్‌లో ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.