చెరువును కాపాడే మురుగు శుద్ధి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో బోరు వేయించడానికి ముందుకొచ్చే చేతులకు ఏనాడూ కొదవ లేదు. నీళ్లు తాగించడం సదఖా-ఎ-జారియా అని మనందరికీ తెలుసు. మురుగునీటి శుద్ధికి చందా అంటే మాత్రం చప్పుడుండదు. సెప్టిక్ ట్యాంకు మీద పేరు చెక్కించుకోవాలని ఎవరికుంటుంది లెండి! ఈసారి మేం అడుగుతున్నది దానికే.

సెప్టిక్ ట్యాంకు మురుగును పూర్తిగా శుద్ధి చేయదు. మడ్డి అడుగున నిలుస్తుంది, పైనీరు కాలువలోకో ఇంకుడు గుంతలోకో పోతుంది. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించాలి. తీసిన ట్యాంకరు దాన్ని చెరువు దగ్గర కుమ్మరిస్తే నాచు, గుర్రపుడెక్క ఏపుగా పెరుగుతాయి. అవి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగిపోయి, తెల్లారేసరికి చేపలు చచ్చి తేలతాయి. నేలలోకి ఇంకినది నైట్రేటుగా మారి మనం దానం చేసిన బోరులోకే రావచ్చు. లీటరు తాగునీటిలో అది 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేటు పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పోతపాలు తాగే పసిబిడ్డలకు అది ప్రమాదం.

బెంగళూరు విమానాశ్రయం దగ్గరి దేవనహళ్లిని చూడండి. 2015లో అక్కడ రోజుకు 6,000 లీటర్ల మడ్డిని శుద్ధి చేసే కేంద్రం కట్టారు. ట్యాంకర్లు తెచ్చిన మడ్డిని మూసిన తొట్లలో పులియబెట్టి, పరుపుల మీద ఆరబెడతారు. కారిన నీటిని మొక్కలు నాటిన కంకర గుండా వడకడతారు. ఆరిన మడ్డి ఊరి తడిచెత్తతో కలిసి ఎరువవుతుంది. ఎక్కువ భాగం వాలు మీదే నడుస్తుంది, కరెంటు ఖర్చు పెద్దగా లేదు.

మన హాస్టలుకు అంత పెద్దది అక్కర్లేదు. వజూ నీటిని మరుగుదొడ్డి నీటితో కలపకుండా వేరుచేస్తే, కాస్త వడకట్టి మొక్కలకు పెట్టుకోవచ్చు. మిగతాదానికి గదులుగా కట్టిన తొట్టి, ఆ పైన మెట్టతామర నాటిన కంకర పరుపు చాలు. శుద్ధి చేసిన నీరు పాకమేనా అని కొందరు పెద్దలు అడిగారు. రంగు, రుచి, వాసన పోయి పూర్తిగా శుభ్రపడితే పాకమేనని 1978లోనే సౌదీ ఉలమా మండలి తీర్పిచ్చింది. అయినా మనం వాడేది మొక్కలకే. నిలిచిన నీటిలో మూత్రం పోయవద్దని ప్రవక్త (స) ఆదేశం కదా. చెరువులో నేరుగా ఎవరూ పోయరు, పైపు వేసి పంపిస్తారు. ఆ రెంటికీ తేడా మాకు కనిపించడం లేదు.

జకాత్ సొమ్ము దీనికి ముట్టుకోం, అది పేదల హక్కు. లిల్లాహ్ చందాతోనే కడతాం. కట్టడం కన్నా నడపడమే కష్టం. కంకర పూడితే కడగాలి, మడ్డి వేళకు యంత్రంతో తీయించాలి. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అందుకే చందా పుస్తకంలో ఈసారి రెండు వరుసలు పెట్టాం: ఒకటి కట్టడానికి, రెండోది నెలనెలా నిర్వహణకు. రెండో వరుసలో పేర్లు తక్కువ పడతాయేమోనని మా బెంగ.