భూమి పొరల పటం రైతు చేతికి రావాలి

(రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాట్లాడాల్సిన విషయం భూగర్భ జలం అని కాగితంలో వేశారు. భూగర్భ జలం అనగానే మనం ఇంకుడు గుంటలు, చెక్‌డ్యాములు, బోర్లు ఎండిపోవడం, ఇవే మాట్లాడుకుంటాం. ఇవాళ వాటికంటే కింద ఉన్న సంగతి, అంటే రాయి గురించి మాట్లాడదాం. నీళ్లు రాతిలో ఉంటాయి. ఏ రాయి ఎన్ని నీళ్లు పట్టి ఉంచుతుందో, ఎన్ని వదులుతుందో తెలియకుండా మన జిల్లాల్లో లక్షల రూపాయలు నేలలోకి పోతున్నాయి. బోరు లారీ వచ్చి వెళ్లాక మిగిలిన అప్పు వల్ల ఎన్ని ఇళ్లు ఏమయ్యాయో ఈ హాల్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు.

ముందుగా అనంతపురం వైపు చూద్దాం. జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైటు, నైసు అనే రాళ్లు. ఇవి 250 కోట్ల ఏళ్లు, కొన్నిచోట్ల 300 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లు. లేపాక్షి బసవన్నను ఏకశిలగా చెక్కింది ఇలాంటి రాతిలోనే. ఆ బసవన్న మీద ఎంత వాన పడినా లోపలికి చుక్క దిగదు. మరి అలాంటి రాతి కింద మనకు నీళ్లు ఎక్కడివి? రెండు చోట్ల ఉంటాయి. ఒకటి, రాయి కోట్ల ఏళ్లుగా ఎండకూ వానకూ చివికి గరుసుగా మారిన పైపొర. మన తాతలు బావులు తవ్వింది ఈ గరుసులోనే. చాలా చోట్ల దీని మందం 30 నుంచి 60 అడుగులు. రెండోది, దాని కింద గట్టి రాతిలోని పగుళ్లు. బోరు వేసేది ఈ పగుళ్ల కోసమే.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. నీళ్లు నిల్వ ఉండే తొట్టి గరుసు పొర. పగుళ్లు ఆ తొట్టికి తగిలించిన పైపులు. తొట్టి నిండుగా ఉన్నంతకాలం పైపులో నీళ్లు వస్తాయి. తొట్టి ఎండిపోయాక పైపు 300 అడుగులు ఉన్నా, 1000 అడుగులు ఉన్నా ఒకటే. పైగా లోతుకు పోయేకొద్దీ పైనున్న రాయి బరువుకు పగుళ్లు మూసుకుపోతాయి. 300 అడుగులు దాటాక కొత్త పగులు తగిలే అవకాశం బాగా తగ్గుతుంది. తగలదని కాదు, ఒక్కోసారి తగులుతుంది. ఊళ్లో ఒకరికి 800 అడుగుల్లో రెండించుల నీళ్లు పడితే ఆ కబురు పది ఊళ్లు తిరుగుతుంది. అదే లోతుకు వెళ్లి దుమ్ము మాత్రమే చూసినవాళ్ల కబురు ఇల్లు దాటదు. ఆ ఒక్క కబురును నమ్మి వందమంది లోతుకు పోతున్నారు. లారీ వాళ్ల రేటు కూడా లోతు పెరిగేకొద్దీ అడుగుకు పెరుగుతుంది. నీళ్లు తగ్గేచోట ఖర్చు పెరుగుతుంది.

ఇంకొకటి ఉంది. మన పొలాల్లో నల్లరాయి గోడలా నేలలో నిలువునా బారుగా పోతూ ఉంటుంది, కొన్నిచోట్ల మైళ్ల కొద్దీ. గుట్టల మీద నల్ల గుండ్ల వరసలా పైకి కనబడుతుంది. గ్రానైటు పగిలినప్పుడు కింద నుంచి కరిగిన రాయి ఎగదన్ని గడ్డకట్టింది అది. దీన్ని డైకు అంటారు. కొన్నిచోట్ల ఇది నేల లోపల కట్టిన ఆనకట్టలా పనిచేస్తుంది. ఎగువ పక్క పొలంలో నీళ్లు నిలుస్తాయి, దిగువ పక్క వాడికి ఉండవు. అన్నదమ్ముల మధ్య పొలం పంచుకున్నప్పుడు ఒకరి బోరు పోసి, ఇంకొకరిది పోయకపోతే అదృష్టం అనుకుంటాం, కొన్ని ఇళ్లలో మాటలు కూడా మానేస్తారు. మధ్యలో ఉన్నది ఆ నల్లరాయి గోడ కావచ్చు.

తాడిపత్రి, యాడికి దాటి కడప, కర్నూలు వైపు పోతే కథ మారుతుంది. అక్కడ రాళ్లు చాపలు పరిచినట్టు పొరలు పొరలుగా ఉంటాయి. దాదాపు 190 కోట్ల ఏళ్ల కింద మొదలై, ఆ ప్రాంతం మీద నీళ్లు నిలిచిన కాలంలో ఇసుక, బురద, సున్నం పేరుకుని గట్టిపడిన పొరలు అవి. 1872లో విలియం కింగ్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి మీద పెద్ద నివేదిక రాశాడు. సింగరేణి బొగ్గును గుర్తించింది కూడా ఆయనే. ఆ పొరలకు పేర్లు మన ఊళ్ల నుంచే తీసుకున్నారు. గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల, ఇవన్నీ రాతి పొరల పేర్లు. పాపఘ్ని, చిత్రావతి పేర్లతో పొరల గుంపులే ఉన్నాయి. విదేశాల్లో భూగర్భ శాస్త్రం చదివే పిల్లలు మన ఊళ్ల పేర్లు వల్లె వేస్తుంటే, ఆ ఊళ్లలో ఉన్న మనకు ఆ పేరు గల రాయి ఏదో తెలియదు.

నార్జి పొర అంటే మనం ఇళ్లలో పరుచుకునే నాపరాయి, సున్నపురాయి జాతి. వాననీటికి ఇది మెల్లగా కరుగుతుంది. కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు ఈ పొరలోనివే, మూడు కిలోమీటర్లకు పైగా పోతాయి. ఇలాంటి రాతిలో బోరు సందులో పడితే నీళ్లు ఎగదన్నుతాయి, పది గజాలు పక్కకు జరిగితే పొడి దుమ్ము. మరో చిక్కు, గ్రానైటు గరుసు నీళ్లను వడగట్టినట్టు ఈ సందులు వడగట్టవు. పైన పోసిన మురుగు, మందు నేరుగా కిందికి పోతాయి. తాడిపత్రి పొర పలకరాయి, మెత్తటి బురద గట్టిపడింది. ఇందులో నీళ్లు తక్కువ, పలకల మధ్య సందుల్లో దొరికినంతే. వేంపల్లె పొర కూడా సున్నపురాయి జాతిదే. తుమ్మలపల్లె దగ్గర యురేనియం ఉన్నది ఈ పొరలోనే. కాబట్టి నీళ్లు ఎన్ని ఉన్నాయి అన్నది ఒక ప్రశ్న, ఆ నీళ్లలో ఏముంది అన్నది రెండో ప్రశ్న. రెండింటికీ జవాబు రాతిలోనే ఉంటుంది. ఫ్లోరైడు సంగతి మనకు తెలియంది కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు జబ్బును డాక్టర్లు గుర్తించి రాశారు. నల్లగొండ కష్టం దేశమంతా విన్నది. అది రాతి నుంచి నీళ్లలోకి కరిగి వస్తుంది. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాతితో ఎక్కువకాలం నానినవి తగులుతాయి. చాలాచోట్ల ఫ్లోరైడు కూడా ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు పటం విషయానికి వస్తాం. 2012 నుంచి కేంద్ర భూగర్భ జల మండలి దేశమంతా నీటి పొరల పటాలు తయారు చేసే కార్యక్రమం పెట్టుకుంది. దాదాపు 25 లక్షల చదరపు కిలోమీటర్లకు పటాలు 2023 మార్చికి పూర్తయ్యాయి. మన జిల్లాల నివేదికలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్నాయి. ఏ పంచాయతీ ఆఫీసు గోడ మీదా మేము చూడలేదు.

ఆ పటం వస్తే మన బోరు పాయింటు దొరుకుతుందా అని చాలామంది అడుగుతున్నారు. దొరకదు. ఈ మాట ఇప్పుడే చెప్పుకోవడం మంచిది, లేకపోతే రేపు పటం పేరు చెప్పి డబ్బులు వసూలు చేసేవాళ్లు బయల్దేరతారు. ఆ పటాల కొలత 50 వేలకు ఒకటి. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. రెండెకరాల చెలక ఆ పటంలో రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, పెన్సిలు చుక్క పెడితే కనబడకుండా పోతుంది. రెండో విడతలో ఎంచుకున్న ప్రాంతాలకు 10 వేలకు ఒకటి కొలతతో చేస్తున్నారు, అది కొంత నయం. అయినా పటం చెప్పేది ఊరి కింద తొట్టి ఎంత పెద్దది, ఎంత లోతు, నీళ్లు ఎటు నడుస్తాయి అన్నది.

పాయింటు చూసేవాళ్ల గురించీ చెప్పాలి. కొబ్బరికాయ పట్టేవాళ్లతో మాకు తగాదా లేదు. ఊరి వాలు, చెట్టూ చేమా చూసి చెప్పగలిగిన అనుభవం కొందరికి ఉంది, కాయ తిరగడం దానికి పైపై వేషం. మిషన్ పెట్టి చూసేవాళ్లు నేలలో ఇనుప కడ్డీలు దిగేసి కరెంటు పంపుతారు. తడి గరుసులో కరెంటు సులువుగా పోతుంది, గట్టి బండలో పోదు. దాన్నిబట్టి గరుసు ఎంత మందం, బండ ఎక్కడ మొదలు అన్నది తెలుస్తుంది. అది నిజమైన పద్ధతే. కానీ జిగట మట్టిలో, ఉప్పు నీళ్లలో కూడా కరెంటు అంతే సులువుగా పోతుంది. కాబట్టి మిషన్ చూపింది కదా, రెండించులు గ్యారంటీ అని చెప్పేవాణ్ణి నమ్మొద్దు.

పటం ఎందుకు అడుగుతున్నామో లెక్కతో చెబుతాం, రాసుకునేవాళ్లు రాసుకోండి. అనంతపురంలో సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన గరుసు నేలల్లో అందులో 11 శాతం భూమిలోకి దిగుతుందని ప్రభుత్వమే లెక్క కడుతుంది. జిగట ఎక్కువ ఉంటే 8 శాతమే. 11 శాతమే తీసుకుందాం. ఎకరాకు దాదాపు 2.4 లక్షల లీటర్లు. రెండు వేల ఎకరాల ఊరికి 48 కోట్ల లీటర్లు. మనుషులకూ గొడ్లకూ 5 కోట్లు పక్కన పెడితే 43 కోట్లు. వరికి ఎకరాకు దాదాపు 48 లక్షల లీటర్లు పెట్టాలి. అంటే ఊరు మొత్తం మీద 90 ఎకరాల వరి. వేరుశనగకు 20 లక్షలు అనుకుంటే 215 ఎకరాలు. వరి మళ్లలో పెట్టిన నీళ్లలో కొంత తిరిగి దిగుతుంది, నిజమే, అయినా లెక్క తలకిందులు కాదు. 300 ఎకరాల వరి వేస్తే ఆ పైనీళ్లు ఎక్కడివి? గరుసులో పాత ఏళ్ల నిల్వ తోడుతున్నట్టు. ఆ నిల్వ అయిపోయాక మొదట ఎండేది చిన్న రైతు బోరు, ఎందుకంటే అతనిది లోతు తక్కువ. తర్వాత చీనీ తోటలు. పదేళ్లు పెంచిన చెట్టు ఒక్క వేసవిలో పోతుంది.

ఈ లెక్క ఎవరో ఆఫీసరు వేయాల్సింది కాదు, రైతులే వేయగలరు. ఉమ్మడి రాష్ట్రంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడిపే భూగర్భ జలాల పథకం నడిచింది. ఆరు వందలకు పైగా ఊళ్లలో ఆడా మగా రైతులు వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు అందరూ కూర్చుని ఊరి నీటి పద్దు వేసుకున్నారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. పద్దు గోడ మీద చూసి ఎవరి పంట వాళ్లు నిర్ణయించుకున్నారు. ప్రాజెక్టు అయిపోయి డబ్బు ఆగిపోయాక ప్రభుత్వం దాన్ని అన్ని ఊళ్లకూ తీసుకెళ్లాల్సింది, తీసుకెళ్లలేదు.

ఉచిత కరెంటు వల్లే రైతు నీళ్లు తోడేస్తున్నాడని పట్నంలో కూర్చుని రాసేవాళ్లు ఉన్నారు. కాలువ నీళ్లు ఇవ్వని చోట, వరి తప్ప ఇంకో పంటను మద్దతు ధరకు గట్టిగా కొనని చోట రైతు ఏం చేయాలో కూడా వాళ్లు రాస్తే బాగుండేది. కొర్ర, సజ్జ, కంది వేసినవాడికి ధర గ్యారంటీ ఇస్తే ఊరి పద్దు దానంతటది సర్దుకుంటుంది. అది లేకుండా రైతునే దొంగను చేస్తే సంఘం ఒప్పుకోదు.

చట్టం సంగతి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఎవరి నేల కింద నీళ్లు వాళ్లు తోడుకోవచ్చు. నేలకు గట్లు ఉన్నాయి, నీటి పొరకు లేవు. పక్క పొలంలో పెద్ద మోటారు పెడితే మన పొలం కింద నీళ్లు అటు నడుస్తాయి, దానికి పట్టా అడ్డం రాదు. నేల లేని కూలీకి, కౌలు రైతుకు ఈ చట్టంలో చోటే లేదు, తాగునీటి బోరు ఎండితే ముందు బిందె పట్టుకుని నడిచేది వాళ్ల ఇంటి ఆడవాళ్లే. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోరుకు అనుమతి ఉండాలంది, బోరు లారీలు నమోదు చేయాలంది. అనుమతి ఏ లెక్క చూసి ఇస్తున్నారు, ఏ లెక్క చూసి కాదంటున్నారు అన్నది ఊరికి తెలియాలి. పటం, పద్దు రెండూ గ్రామసభ ముందు పెట్టి నిర్ణయించమంటున్నాం.

అధికారులను అడగడంతో పాటు మనం చేయగల పని ఒకటి ఉంది. బోరు వేసే ప్రతిసారీ నేల లోపలి రాయి పొడిగా, ముక్కలుగా పైకి వస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ప్రయోగపు బోరు వేసి తెలుసుకునేది అదే. మన ఊళ్లలో వందల బోర్లు వేశారు, ఆ సమాచారమంతా తెల్లారేసరికి గాలికి పోయింది. ఇకముందు బోరు పడినప్పుడు ఒక మనిషి నోటుపుస్తకంతో పక్కన నిలబడాలి. పది అడుగులకు ఒకసారి పిడికెడు పొడి తీసి కవర్లో వేసి లోతు రాయాలి. రంగు రాయాలి: ఎర్ర గరుసా, తెల్ల గరుసా, బూడిద రంగు బండా, నల్లరాయా. ఎక్కడ కేసింగ్ ఆగింది, ఎక్కడ తడి తగిలింది, ఎక్కడ నీళ్లు పెరిగాయి, ఎన్ని అడుగుల్లో ఆపారు. నీళ్లు పడని బోరుకైతే మరీ ముఖ్యంగా రాయాలి. పక్క పొలం రైతు ఆ లోతుకు పోకుండా ఆగేది ఆ పేజీ చూసే. టెన్త్ చదివే పిల్లలు ఈ పని మనకంటే శుభ్రంగా చేస్తారు, వాళ్లకు అప్పగించండి.

ఒక ఊళ్లో ఇలాంటి ముప్పై పేజీలు పోగైతే గరుసు ఎక్కడ మందం, నల్లరాయి గోడ ఎటు పోతోంది అన్నది మనమే గీయొచ్చు. ఆ కాగితం పట్టుకుని భూగర్భ జల శాఖ ఆఫీసుకు పోయి, మీ పటంతో దీన్ని పోల్చి చూడండి అని అడగొచ్చు. మండల కమిటీలు రబీ విత్తనం వేసేలోపు కనీసం రెండేసి ఊళ్లలో బోర్ల జాబితా, ఎండిన బోర్లతో సహా, తయారు చేసి జిల్లా సమావేశానికి తేవాలి. పంచాయతీకి ఇవ్వాల్సిన అర్జీ నమూనా ఈ సంచిక చివర ఉంటుంది. అందులో మూడు కోరికలు రాశాం: జిల్లా నీటి పొరల నివేదిక తెలుగులో పంచాయతీకి ఒక ప్రతి, ఊరికి రెండు పరిశీలక బోర్లు, రబీకి ముందు గ్రామసభలో నీటి పద్దు. సంతకాలు తీసుకునేటప్పుడు కౌలు రైతులనూ, నేల లేనివాళ్లనూ వదిలేయొద్దు. పాస్‌బుక్కు అడగొద్దు.