పెరటి మడిలో కటుకరోహిణి

తెలుగునాట మూలికల అంగడిలో కటుకరోహిణి కావాలని అడిగితే, ఎండి ముడుతలు పడిన వేరు తునకలను పొట్లం కట్టి ఇస్తారు. ఒకసారి నాలుకకు తగిలిన ఆ చేదును ఎవరూ మరచిపోరు. కాలేయ వ్యాధులకు, జ్వరాలకు ఆయుర్వేద వైద్యులు చిరకాలంగా వాడుతున్న మూలిక అది. అయితే ఆ మొక్క తెలుగు నేలపై పెరిగేది కాదు. హిమాలయాలలో చెట్లు ఆగిపోయి గడ్డి మాత్రమే మిగిలే ఎత్తులలో, గఢ్వాలు ప్రజలు ‘బుగ్యాల్’ అని పిలిచే పచ్చిక బయళ్ళలో అది సహజంగా పెరుగుతుంది. హిందీలో దాని పేరు కుట్కీ. రెండు పేర్లలోనూ వినిపించేది ఒకే సంస్కృత మూలం. కర్నూలులో కషాయం కాచుకునే రోగికి, చమోలీ జిల్లాలో కొండ ఎక్కి వేరు తవ్వే కుటుంబానికి మధ్య ఇంత దగ్గర సంబంధం ఉన్నదని ఆ పొట్లం మీద ఎవరూ వ్రాయరు.

మిత్రులారా, ఈ సంబంధంలో ఒక చిక్కు ఉన్నది. తులసి ఆకులు కోసుకున్నా, ఉసిరికాయలు కోసుకున్నా మొక్క నిలిచే ఉంటుంది. కటుకరోహిణిలో మందుగా పనికివచ్చేది నేలలో పాకే దుంపవేరు. దానిని పెకలించిన చోట మొక్క మిగలదు. విత్తనాలు రాలకముందే పెకలిస్తే మరుసటి తరానికి కూడా ఆధారం లేనట్లే. గిరాకీ పెరిగినకొద్దీ బయళ్ళు బోసిపోసాగినవి. 1997లో వన్యజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం, సైటిస్, ఈ మొక్కను తన రెండవ అనుబంధంలో చేర్చింది. కాని వేరు కావలసిన రోగులు ఉన్నారు. వేరు అమ్మితేగాని ఏడాది గడవని కుటుంబాలూ ఉన్నవి. జాబితాలో చేర్చినంత మాత్రాన ఈ రెండు అవసరాలూ తీరవు. బుగ్యాలులోని మొక్కను ఇంటి పెరటికి తెచ్చుకోవడమే వీరిరువురికీ దారి.

ఇటువంటి ప్రయత్నం ఇదివరకే జరిగినది. చెంగల్వ కోష్టు సంగతి చూడండి. సంస్కృతంలో కుష్ఠం, హిందీలో కూఠ్. హిమాలయాలలో పుట్టిన మొక్కగా దీనిని అథర్వవేదం ప్రస్తావించింది. సువాసన గల ఈ వేరు కాశ్మీరు నుండి చైనాకు ధూపద్రవ్యంగా ఎగుమతి అయ్యేది. శాలువలకు పురుగు పట్టకుండా మడతల నడుమ కూడా ఉంచేవారు. నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో 1920ల ప్రాంతంలో రైతులు దీనిని పొలాలలో పండించడం ప్రారంభించారు. కొంతకాలం అది వారికి సిరులు కురిపించింది. తరువాత ధర పడిపోయినది. ఆ పొలాలలోకి బంగాళాదుంప, బఠాణీ వచ్చినవి. ఇందులో రైతును తప్పుపట్టడానికి ఏమీ లేదు. ధర పలకని మూలికను దేశభక్తితో ఎవరూ పండించరు. అడవిలోని కోష్టు మాత్రం 1985 నాటికి అదే ఒప్పందపు మొదటి అనుబంధంలోకి, అనగా అత్యంత కఠినమైన జాబితాలోకి, చేరవలసి వచ్చింది.

కటుకరోహిణికి ఎకరాల పొలం అక్కరలేదు. కొండ ఇళ్ళ ప్రక్కన ఆకుకూరలకు, రాజ్మా చిక్కుడుకు ఉంచే చిన్న మడులలో ఒకటి చాలు. విత్తనం అతి సూక్ష్మం, దానిని మొలకెత్తించడం కష్టం. అందువల్ల పాకే కాండాన్ని, కణుపుల వద్ద వేళ్ళు ఉండేటట్లు, ముక్కలుగా కోసి నాటడమే మేలు. మాగిన పశువుల ఎరువు, చెట్లక్రింద కుళ్ళిన ఆకుల ఎరువు కలిపి, మట్టిని గుల్లచేసి, వర్షారంభంలో జానెడేసి ఎడంగా నాటుతారు. తేమ ఉండాలి, నీరు నిలువరాదు. నిలిస్తే వేరు కుళ్ళుతుంది. మధ్యాహ్నపు ఎండ సోకకుండా ఆపిల్ చెట్టు నీడ గాని, ఇంటి గోడ నీడ గాని ఉంటే మంచిది. చలికాలంలో ఆకులు ఎండిపోతాయి. కొత్తగా సాగుచేసేవారు మొక్క చచ్చిందనుకొని మడిని తిరుగదున్నరాదు. మంచు క్రింద దుంప సజీవంగానే ఉండి వసంతంలో చిగురిస్తుంది. వేడి ఎక్కువగా ఉండే లోయ గ్రామాలలో ఈ సాగుకు పూనుకోవడం వృథా. అక్కడ నీళ్ళు పారే పెరటి మూల వస నాటుకోవచ్చు. వసకొమ్ము తెలుగు తల్లులకు కొత్తది కాదు.

మూడవ ఏట, శరదృతువులో ఆకులు పసుపువారిన తరువాత తవ్వకం. అప్పుడు చిగుళ్ళు గల కొనలను కోసి అదే మడిలో మళ్ళీ నాటి, తక్కిన వేరును నీడన ఆరబెట్టాలి. పెరటిలో పండినది కదా అని ఇంటివారే మోతాదు నిర్ణయించుకోరాదు. అది వైద్యుని పని.

మడిలోని శ్రమకంటె బజారు దారిలోని శ్రమ ఎక్కువ. పెరటిలో పండిన వేరుకు, బుగ్యాలులో దొంగచాటుగా తవ్విన వేరుకు చూపులో భేదం లేదు. కనుక తాను పండించినదేనని రైతు రుజువు చూపవలసి ఉంటుంది. ఉత్తరాఖండ్‌లో గోపేశ్వర్ సమీపాన మండల్‌లో ఉన్న మూలికల పరిశోధనాభివృద్ధి సంస్థ ఇటువంటి సాగుదారులను నమోదు చేస్తుంది. చమోలీ జిల్లాలోని ఘేస్ గ్రామం కుట్కీ సాగుకు పేరు పొందినది. సొంత పొలంలో ఎర్రచందనం పెంచిన రాయలసీమ రైతుకు ఈ చిక్కు వేరే చెప్పనక్కరలేదు. తాను నాటిన చెట్టును నరికి అమ్ముకోవడానికి అతనికీ అనుమతి పత్రాలు కావాలి. మూడేళ్ళు ఆగిన కొండ కుటుంబం కాగితం కోసం నాలుగవ ఏడు కూడా ఆగవలసి వస్తే, గునపం పట్టుకొని తిరిగి బుగ్యాలు దారి పట్టవచ్చు. అందువల్ల మొక్క నాటిన సంవత్సరమే అధికారులు ఆ మడిని చూసి, కొలత వ్రాసుకొని పోవాలి. తవ్వకం నాటికి అనుమతి పత్రం ఆ ఇంటిలోనే ఉండాలి.