మన కథ మనం చెప్పకపోతే...

(న్యూజెర్సీలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "ఉద్యమాలు - ప్రజల్లో వాటి ఇమేజ్". ఈ మాట వింటే కొందరికి కోపం రావచ్చు. ప్రాణాలు పోతుంటే ఇమేజ్ ఏంది అని. 2011లో నేను కూడా అట్లనే అనుకున్న. ఇయ్యాల వేరేగా అనుకుంటున్న. ఎందుకో చెప్త.

ఒక చిన్న లెక్క తోటి మొదలుపెడ్త. లోక్‌సభలో 543 సీట్లు. తెలంగాణవి 17. అంటే మన రాష్ట్రం బిల్లు పాస్ కావాలంటే మన ఊరు చూడని, మన భాష రాని వందల మంది ఎంపీలు చెయ్యి ఎత్తాలె. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో జరిగింది అదే. వాళ్ళల్ల చాలా మందికి మనం ఎట్ల తెలుసు? టీవీలో, పేపర్లలో చూపించినంత వరకే. అందుకే ఇమేజ్ అనేది పౌడర్ రాసుకునుడు కాదు. నిర్ణయం చేసేటోడు పరాయోడు అయినప్పుడు వాని కళ్ళకు మనం ఎట్ల కనపడుతున్నమనేది పోరాటంలో భాగమే.

2011 మార్చి 10, మిలియన్ మార్చ్ గుర్తు చేసుకోండి. ప్రభుత్వం ముందస్తు అరెస్టులు చేసింది, దారులు మూసింది. అయినా వేల మంది ట్యాంక్‌బండ్ చేరుకున్నరు. అసలు వార్త అదే కావాలె. కానీ ఆ రాత్రి అన్ని చానెళ్ళలో కూలిన విగ్రహాలే. తెలంగాణ వాళ్ళకు ఆ కట్ట మీద తగినంత చోటు ఎందుకు దక్కలేదన్న ప్రశ్న న్యాయమైనదే. దాన్ని అడగడానికి శ్రీశ్రీని, అన్నమయ్యను పడగొట్టాల్నా? శ్రీశ్రీని చదివే కదా మనలో ఎంతో మంది జెండా పట్టింది! ఒక్క సాయంత్రంలో ప్రశ్న అడిగేటోళ్ళం పోయి సంజాయిషీ చెప్పుకునేటోళ్ళం అయినం.

ఇంకోటి, "ఆంధ్రా వాలే భాగో" అన్న నినాదం. మా పోరాటం పాలకుల మీద, ప్రజల మీద కాదని జేఏసీ ఎన్నిసార్లు చెప్పినా ఈ మూడు మాటలు ఆ మాటను మింగేసినయి. దానికి భయపడ్డది పెద్ద కాంట్రాక్టర్లు కాదు. హైదరాబాద్‌లో ఇస్త్రీ బండి పెట్టుకుని బతికే శ్రీకాకుళం మనిషి. పెద్దోళ్ళకు మాత్రం ఆ నినాదం మంచి ఆయుధం అయింది.

మరి మనం బాగా చేసిన పనులు లేవా? ఉన్నయి. వంటావార్పు చూడండి. రోడ్డు మీద పొయ్యి పెట్టి, అందరూ తలా పిడికెడు బియ్యం తెచ్చి, కులం చూడకుండ కూసోని తిన్నరు. అన్నం వడ్డించే మనిషిని పట్టుకుని అరాచకం అంటే ఎవరు నమ్ముతరు? బతుకమ్మ, ధూంధాం కూడా అంతే. ఉపన్యాసం అక్కర లేకుండానే మనం ఎవరమో చెప్పినయి.

సకల జనుల సమ్మె సంగతి. 2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా 42 రోజులు. సింగరేణి కార్మికులు, ఆర్టీసీ వాళ్ళు, టీచర్లు చేసిన త్యాగం మామూలుది కాదు. అయితే సమ్మె ఎట్ల మొదలుపెట్టాలో అనుకున్నంత గట్టిగ ఎక్కడ ఆపాలో అనుకోలేదు. బడులు బందై మన పిల్లలే నష్టపోయిండ్రు, జీతాలు లేక మన ఇండ్లల్లోనే ఇబ్బంది అయింది. ఢిల్లీ మాత్రం చూస్తూ కూసున్నది. ఎదుటోని మీద పడాల్సిన బరువు మన మీద ఎక్కువ పడితే ఆ ఎత్తుగడను మళ్ళీ చూసుకోవాలె.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన మాట. 2009 డిసెంబర్ 3న శ్రీకాంతాచారి చనిపోయినప్పటి నుంచి మనం ఇక్కడ ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినం! అమరులు అన్నం. గౌరవంతోనే అన్నం. కానీ ఊళ్ళో ఇంకో పిల్లగానికి ఆ మాట ఎట్ల వినపడుతదో ఆలోచించలేదు. చావొద్దు, బతికి కొట్లాడుదాం అన్న మాట మనం ఇంకా గట్టిగ, ఇంకా ముందే చెప్పాల్సి ఉండె. వేదికల మీద 1200 మంది అన్నం. రాష్ట్రం వచ్చినంక సర్కారు సాయం అందిన కుటుంబాలు అంతకంటే చాలా తక్కువ. మిగిలిన తల్లులు ఏ ఆఫీసుకు పోయి ఏం కాయితం చూపించాలె? సంఖ్య చెప్పినం గాని ఊరు, పేరు రాసి పెట్టలేదు.

ఇది పాత ముచ్చటేనా? 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థులు నిలబడ్డరు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపింది. కానీ నడుమల కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు నిజం ఫొటోలల్ల కలిసిపోయినయి. ప్రభుత్వానికి చెట్ల గురించి జవాబు చెప్పే బదులు బొమ్మల గురించి మాట్లాడే సందు దొరికింది. అట్లాంటి బొమ్మలను ఇక్కడ సోఫాలో కూసోని ముందుకు పంపిన వాళ్ళల్ల నేను ఒకణ్ణి. లాఠీ దెబ్బ అక్కడి పిల్లలకు, లైకులు మనకు.

అందుకే నా విన్నపం. నిజమో కాదో తెలుసుకోకుండ ఏదీ పంపొద్దు. మన వైపు తప్పు జరిగితే అదే రోజు మనమే తప్పు అందాం, ఎదుటోడు చెప్పేదాకా ఆగొద్దు. ఇంకా సాయం అందని అమరుల కుటుంబాల వివరాలు ఎవరి ఊరివి వాళ్ళం ఈసారి ఇంటికి పోయినప్పుడు రాసుకొని వద్దాం. నా మండలంతోటి నేను మొదలుపెడ్త.

జై తెలంగాణ.