సంస్థల గుమ్మంలో తెలుగు శిక్షణ

(షోలాపూరు తూర్పు భాగంలోని నేతకారుల వాడలో, తెలుగు స్వచ్ఛంద సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్వచ్ఛంద సంస్థ నడిపే శిక్షణను ఇతర సంస్థల చేత ఎట్లా కొనిపించాలి అన్నది నిర్వాహకులు నాకిచ్చిన అంశం. ఆహ్వాన పత్రికలో 'కొనిపించడం' అన్న మాట చూచి ఇద్దరు ముగ్గురు పెద్దలు నొచ్చుకొన్నారని విన్నాను. భాషను అంగట్లో పెడతామా అని వారి ప్రశ్న. భాషను ఎవరూ అమ్మలేరు, కొనలేరు. మనం అమ్మదలచుకొన్నది మన శ్రమను, మన పాఠాన్ని, మన అనుభవాన్ని. మగ్గం మీద బతికిన జాతికి అమ్మకం అంటే బెరుకు ఉండవలసిన పని లేదు. నేసిన చద్దరు ఎంత నాణ్యమైనదైనా గడప దాటకపోతే ఇంటిల్లిపాదీ పస్తే. షోలాపూరు చద్దరుకు, తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నేత ఒక్కటే దానిని తెచ్చిపెట్టలేదు. ఊరూరా తిరిగి అమ్మినవారి పాత్ర కూడా అందులో ఉన్నది.

మన చేతిలో ఉన్న సరుకు ఏమిటో ముందు చూద్దాం. 1870లలో ఇక్కడ బట్టల మిల్లు వెలసినది మొదలు నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుండి పద్మశాలీలు తరతరాలుగా ఇక్కడికి తరలివచ్చారు. ఆ పాత మిల్లు 1963లో మూతపడింది. మనుషులు మాత్రం నిలిచిపోయారు, వారితో పాటు వారి మాట కూడా నిలిచింది. నేటికీ ఈ వాడలలో సాంచెల మీద పనిచేసే మగవారు, ఇంట చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవారు వేలాదిగా ఉన్నారు. పిల్లలు మరాఠీలో చదువుకొన్నారు కనుక వారికి ఇబ్బంది లేదు. అవ్వలకు, అమ్మలకు ఉన్నది. ఆసుపత్రిలో, బ్యాంకు కిటికీ దగ్గర, కచేరీలో వారు తమ కష్టం చెప్పుకొనేది తెలుగులోనే. వినేవారికి అర్థం కాదు. పక్కన మనుమడో, మనుమరాలో నిలబడి తర్జుమా చేయాలి. స్త్రీల వ్యాధి గురించి పదేళ్ల మనుమడి నోట చెప్పించవలసి వచ్చిన అవ్వ ఎంత దాచుకొంటుందో ఇక్కడున్న అక్కలకు నేను చెప్పనక్కరలేదు.

కనుక మన సరుకు రెండు విధాలు. ఆసుపత్రి, బ్యాంకు, అంగన్‌వాడీ సిబ్బందికి పనికి సరిపడా తెలుగు నేర్పడం ఒకటి. కార్ఖానా కార్మికులకు భద్రత, ప్రథమ చికిత్స, కాగితాల సంగతులు వారి తెలుగులోనే చెప్పడం రెండవది. రెండింటికీ కొనుగోలుదారు సంస్థయే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నేర్చుకొనేవారు ఒకరు, మేలు పొందేవారు ఒకరు, డబ్బు చెల్లించేవారు మరొకరు. నర్సు నేర్చుకొంటుంది, రోగి మేలు పొందుతుంది, యాజమాన్యం చెల్లిస్తుంది. మన సంఘాల కరపత్రాలన్నీ ఆ రోగి కష్టాన్నే వర్ణిస్తాయి. అది చదివి యాజమాన్యం జాలిపడుతుంది, కాని సంచీ విప్పదు. నర్సుకేమో రోజంతా నిలబడి చేసిన పని తరువాత మరొక గంట పాఠమంటే శిక్ష వలె తోస్తుంది. ముగ్గురికీ మూడు మాటలు కావాలి. యాజమాన్యానికి చెప్పవలసినది ఇది: రోగి మాట తెలియనందువల్ల మీ వైద్యుడు ఒక్కొక్కరి మీద ఎక్కువ సమయం వెచ్చిస్తున్నాడు, మందు వేసుకొనే తీరు తెలియక రోగి మళ్లీ అదే జబ్బుతో వస్తున్నది, లేదా తెలుగు వచ్చిన మరొక దవాఖానాకు పోతున్నది. నర్సుకు చెప్పవలసినది: నీ పని తేలికవుతుంది, పాఠం నీ పని గంటలలోనే, నీ చేతికొక ధ్రువపత్రం వస్తుంది. పని గంటలలోనే పాఠం జరగాలన్న షరతును మొదటి రోజే యాజమాన్యంతో ఖాయం చేసుకోవాలి. అది కుదరకపోతే ఆ ఒప్పందం వదులుకోవడమే మేలు అని నా అభిప్రాయం. సెలవు రోజు పాఠాలకు మొదటి వారం ఇరవైమంది వస్తారు, నాలుగవ వారం నలుగురు మిగులుతారు.

ఏ తెలుగు నేర్పాలి అన్నది కూడా అమ్మకానికి సంబంధించిన ప్రశ్నయే. వాచకాలలోని తెలుగు, దూరదర్శిని తెలుగు నేర్పితే మన సరుకు పనిచేయదు. 'ఒళ్లు నొప్పులుగా ఉన్నదా' అని నర్సు నేర్చుకొంటుంది. ఎదుటి అవ్వ 'పెయ్యంత గుంజుతున్నది' అంటుంది. 'జ్వరం' అని పుస్తకంలో ఉంటుంది, ఆమె 'పెయ్యి కాలుతున్నది' అంటుంది. 'దమ్ము వస్తున్నది', 'నెత్తి తిరుగుతున్నది' – ఇవీ ఇక్కడి మాటలు. మరాఠీ మాటలు కూడా ఎన్నో కలిసిపోయి ఉంటాయి. వాటిని తప్పులని ఏరివేయడం పండితుల పని కావచ్చు గాని మన పని కాదు. పాఠం వ్రాసే ముందు పది రోజులు ఆ దవాఖానా వరండాలో కూర్చొని చెవి పెట్టి వినాలి, విన్నది విన్నట్లు వ్రాసుకోవాలి. ఆ మాటల పట్టికయే మన దగ్గర ఉండి ఇతరుల దగ్గర లేనిది. పెద్ద నగరాల నుండి వచ్చే శిక్షణ సంస్థలకు ఎంత డబ్బున్నా ఆ పట్టిక దొరకదు.

ఇట్లా చేసి నిలబడినవారు లేరా అంటే ఉన్నారు. 1877లో ఇంగ్లాండులో ప్రారంభమైన సెయింట్ జాన్ అంబులెన్స్ సంఘం నేటికీ కార్యాలయాలకు, కర్మాగారాలకు ప్రథమ చికిత్స శిక్షణను రుసుము తీసుకొనే ఇస్తున్నది. ఆ రాబడి దాని ధర్మకార్యాలకు ఊతం. దగ్గరలోనే చూడదలిస్తే మదురైలోని అరవింద్ నేత్ర వైద్యాలయం ఉన్నది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారు 1976లో 11 మంచాలతో మొదలుపెట్టిన సంస్థ అది. 1992లో వారు ప్రత్యేకంగా ఒక శిక్షణాలయం నెలకొల్పి, తాము పని చేసే పద్ధతిని ఇతర కంటి ఆసుపత్రులకు నేర్పసాగారు. హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్‌వారు నిరుద్యోగ యువతకు ఉపాధి శిక్షణ చేపట్టినపుడు ముందు ఉద్యోగాలిచ్చే సంస్థల వద్దకు పోయి, ఏ పనివారు కావాలో అడిగి తెలుసుకొని, ఆ తరువాతే పాఠ్యక్రమం కూర్చుకొన్నారు. మనమేమో పాఠ్యక్రమం ముందు కూర్చుకొని, అచ్చు వేయించి, ఆవిష్కరణ సభ జరిపి, ఆ తరువాత కొనేవారిని వెతుకుతున్నాం. ఆవిష్కరణ సభలంటే మనకున్న మక్కువ గురించి మరొక సమావేశంలో మాట్లాడుకొందాం.

ధర సంగతికి వస్తాను. 'ఉచితంగా నేర్పుతాం' అని వెళ్తే సంస్థలు సంతోషంగా ఒప్పుకొంటాయి, వంట మనిషికీ, కావలివానికీ తప్ప ఎవరికీ తీరిక లేదంటాయి. రుసుము చెల్లించిన యాజమాన్యం హాజరు పట్టీ తానే అడుగుతుంది. ఒక ఉదాహరణకు లెక్క వేయండి. ఇరవై మందికి ఇరవై పాఠాలు. పాఠానికి 500 చొప్పున బోధకురాలికి 10,000 రూపాయలు. పుస్తకాలకు మనిషికి 100 చొప్పున 2,000. రాకపోకలకు, తేనీటికి 3,000. ముందు చెప్పిన పది రోజుల వినికిడికి, పాఠం తయారీకి 5,000. మొత్తం 20,000, అంటే మనిషికి 1,000 రూపాయలు. బ్యాంకు వద్ద 30,000 తీసుకొంటే మిగిలిన 10,000తో పురపాలక దవాఖానాకు సగం ధరకే నేర్పవచ్చు. ఈ లెక్కను దాచవద్దు. లేఖతో పాటు జతచేసి పంపండి. బోధకురాలికి ఇచ్చే ప్రతిఫలాన్ని మాత్రం తగ్గించకండి. సేవాభావం పేరిట ఆడపిల్లల చేత ఊరకే పని చేయించుకోవడం మన సంఘాలకు అలవాటైపోయింది.

పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత నిధుల గురించి చాలామంది అడుగుతున్నారు. 2013 కంపెనీల చట్టం 135వ విభాగం ప్రకారం 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల వ్యాపారం గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజహిత కార్యాలకు వెచ్చించాలి. కంపెనీ తన ఉద్యోగుల ప్రయోజనానికే పరిమితమైన ఖర్చును అందులో చూపరాదు. కనుక బ్యాంకు గుమాస్తాలకు తెలుగు నేర్పడానికి ఆ నిధి అడిగితే తిరస్కరిస్తారు. దానిని వారి సిబ్బంది శిక్షణ ఖర్చులోనే అడగాలి. వాడలోని అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణకైతే ఆ నిధిని అడగవచ్చు. 2021 ఏప్రిల్ నుండి ఆ నిధి పొందే సంస్థ కేంద్ర ప్రభుత్వం వద్ద ముందుగా నమోదై ఉండాలి. ఇక్కడున్న సంఘాలలో ఆ నమోదు లేనివారు ఒక గణకుని కలుసుకొని ఈ ఏడాదిలోనే పూర్తి చేసుకోండి.

కార్ఖానాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామిక వాడలో ఒక తువ్వాళ్ల మిల్లు తగలబడింది. యజమాని, ఆయన కుటుంబంలోని ముగ్గురు, నలుగురు పనివారు, మొత్తం ఎనిమిదిమంది చనిపోయారు. మంట యజమాని అని, కూలి అని చూడలేదు. శిక్షణ ఉంటే వారు బతికేవారని చెప్పే హక్కు నాకు లేదు, ఆ మాట చెప్పి సరుకు అమ్మడం నీచం కూడా. దయచేసి ఏ కరపత్రంలోనూ ఆ ఛాయాచిత్రాలు వేయకండి. ఆనాటి నుండి కార్ఖానాదారుల మనసులో భయం ఉన్నది, ఆ భయాన్ని గౌరవంగా పలకరించడం వేరు, వాడుకోవడం వేరు.

చిన్న కార్ఖానా చట్టం చేతికి అందదు. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది పనివారుంటే వర్తించేది, 2020 నాటి కొత్త వృత్తి భద్రత స్మృతి ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. ఎనిమిది సాంచెలు, ఐదుగురు పనివారు ఉన్నచోట శిక్షణ కొనమని ఏ చట్టమూ అడగదు, ఆ యజమానికి స్తోమత కూడా ఉండదు. అతడూ మనవాడే, నిన్నటి దాకా తానూ సాంచె నడిపినవాడే. కనుక ఒక్కొక్క కార్ఖానా గుమ్మం ఎక్కి దిగడం వృథా. ఉత్పత్తిదారుల సంఘాన్ని, నూలు సహకార సంఘాన్ని పట్టుకోవాలి. కుంభారిలో బీడీ కార్మిక మహిళల పదివేల ఇళ్ల సంగతి మీకందరికీ తెలుసు. నర్సయ్య ఆడం మాస్టరుగారి నాయకత్వంలో వారు సహకార సంఘంగా నిలబడి సాధించుకొన్నారు, 2006లో ఆనాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్‌గారు వాటిని అందజేశారు. ఒక్కొక్కరుగా అడిగి ఉంటే ఒక్క గది దొరికేదా? శిక్షణకూ అదే దారి. యాభై కార్ఖానాలకు కలిపి ఒక ఒప్పందం, ఒక ధర.

చట్టం బలవంతం చేసే శిక్షణ మరొకటి ఉన్నది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత సంఘం ఉండాలని, అందులో బయటి స్వచ్ఛంద సంస్థ నుండి గాని, ఆ విషయం ఎరిగినవారి నుండి గాని ఒకరు ఉండాలని, సిబ్బందికి అవగాహన తరగతులు జరపాలని 2013 చట్టం చెప్పింది. స్త్రీలు ఎక్కువగా పనిచేసే దుస్తుల కుట్టు కర్మాగారాలలో ఈ తరగతి తెలుగులో చెప్పగలవారు మన అక్కలే. దీనిని చేపట్టే ముందు చట్టం క్షుణ్ణంగా చదివిన న్యాయవాదిని వెంట ఉంచుకోండి.

ఇక హక్కుల మాట. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు గురించి చెబుతున్నది, 350బి భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరినవి ఇవి. ప్రభుత్వ కచేరీలో వీటిని నిర్భయంగా ఉదహరించండి. ప్రైవేటు ఆసుపత్రి మేనేజరు ముందు ఉదహరించకండి, ఆయనను అవి కట్టివేయవు, ఆ సంగతి ఆయనకు తెలుసు. అక్కడ పని గురించి మాట్లాడాలి. బళ్లారిలో, హోసూరులో, నాందేడులో, సిరోంచలో ఉన్న మన తెలుగువారికి కూడా ఈ తేడా పనికివస్తుంది.

లేఖ ఏ భాషలో వ్రాయాలి? మరాఠీలో. ఈ రాష్ట్ర భాష అది, మన పిల్లల చదువు భాష అది, చదివే అధికారి భాష అది. తెలుగు శిక్షణ కోసం శుభ్రమైన మరాఠీలో వ్రాసిన లేఖ చూచినపుడు, వీరు పేచీకి రాలేదు, పనికి వచ్చారు అని అతనికి మొదటి వాక్యంలోనే తెలుస్తుంది. లేఖ ఒక పుటకు మించరాదు. ఎవరికి, ఎన్ని గంటలు, ఎంత ధర, చివర ఏమి చేయగలుగుతారు, అంతే. 'తెలుగు వస్తుంది' అని వ్రాయకండి, 'రోగి చెప్పే నలభై బాధలను గుర్తించగలుగుతారు, మందు వేసుకొనే తీరును తెలుగులో చెప్పగలుగుతారు' అని వ్రాయండి. మొదటి రోజు ఒక పరీక్ష, చివరి రోజు అదే పరీక్ష పెట్టి రెండు ఫలితాలూ యాజమాన్యానికి ఇవ్వండి. ఫలితం పేలవంగా ఉన్నా ఇవ్వండి, అట్లా ఇచ్చిన సంస్థను రెండవసారి పిలుస్తారు. శ్రావణ పౌర్ణమి మార్కండేయ రథోత్సవం దగ్గరలో తరగతులు పెట్టకండి, ఎవరూ రారు, రావలసిన పనీ లేదు.

ఒక దవాఖానా, ఒక బ్యాంకు శాఖ, ఒక ఉత్పత్తిదారుల సంఘం – ఈ మూడింటికీ మరాఠీ లేఖల ముసాయిదాలు నా సంచీలో ఉన్నాయి. భోజనాల తరువాత తెచ్చి ఈ బల్ల మీద పెడతాను. మరాఠీ బాగా వచ్చిన చెల్లెళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చొని దిద్దితే సోమవారానికి పంపవచ్చు. సెలవు.