లెక్కపట్టికలో కాలగణనము
(రజతోత్సవ సభలో గావించిన ప్రసంగపాఠము)

 

కాలమును కొలుచుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. అహోరాత్రమును 60 ఘడియలుగాను, ఘడియను 60 విఘడియలుగాను విభజించి పూర్వులు పంచాంగమును నడపిరి. ఘడియ యనగా 24 నిమిషములు. రెండున్నర ఘడియలు ఒక గంట.

నేడు కూలి లెక్కలు కూడ కంప్యూటరునకు చేరినవి. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారి ‘విసికాల్క్’ వెలువడినది. 1985లో మైక్రోసాఫ్టువారి ‘ఎక్సెల్’ వచ్చినది. ఇట్టి పట్టిక కాలమును ఎట్లు గ్రహించునో ఎరుగనిచో కష్టజీవి కూలికి లోపము కలుగును.

ఎక్సెల్ దృష్టిలో ఒక దినము ‘1’ అను సంఖ్య. ఉదయము 6 గంటలు 0.25; మధ్యాహ్నము 12 గంటలు 0.5. గడిలో కనబడునది వేషము మాత్రమే; లెక్కకు వచ్చునది లోపలి సంఖ్య.

ఒక కూలి దినమునకు 7 గంటల 30 నిమిషముల చొప్పున 5 దినములు పనిచేసెననుకొనుడు. మొత్తము 37 గంటల 30 నిమిషములు. కాని పట్టికలో 13:30 అని కనబడును. నిండిన 24 గంటలను విడిచి, శేషమును మాత్రమే గడియారమువలె చూపుటయే దీనికి కారణము. గడి రూపమును నిర్ణయించుచోట గంటలను తెలుపు ‘హెచ్’ అను అక్షరమును చదరపు బ్రాకెట్లలో ఉంచినచో 37:30 అని సరిగా చూపును.

ఇంతటితో చాలదు. గంటకు 100 రూపాయల చొప్పున కూలి కట్టునపుడు, లోపలి సంఖ్యయైన 1.5625ను 100చే గుణించినచో 156 రూపాయల 25 పైసలే వచ్చును. ముందుగా దానిని 24చే గుణించి గంటలుగా మార్చవలెను. అప్పుడు 37.5 గంటలకు 3,750 రూపాయలు న్యాయముగా లభించును. నిమిషములు కావలెనన్న 1,440చే గుణింపవలెను. 60చే గుణించినచో పూర్వుల లెక్క ప్రకారము 93 ఘడియల 45 విఘడియలగును.

రాత్రి 10 గంటలకు పనిలో దిగి మరునాటి ఉదయము 6 గంటలకు దిగిపోవువాని విషయమున, రెండవదానినుండి మొదటిదానిని తీసివేయగా ఋణసంఖ్య వచ్చును. దానికి 1 కలిపినచో 8 గంటలు తేలును. మరియు 7:30 అనుటకు బదులు 7.30 అని చుక్క పెట్టి వ్రాయరాదు. అది ఏడు దినములపై 7 గంటల 12 నిమిషములగును.

లెక్క వ్రాయు యువకులు ఒక్క కూలి మొత్తమునైనను కాగితముపై కట్టి, పట్టికతో సరిచూచుకొనవలెను. అట్లు చేసిననే పనివానికిని యజమానికిని న్యాయము జరుగును.