కడుపుతో ఉన్న పిల్లను మంచానికి కట్టేయకండి

ఎండలు ముదిరాయి కదా, గర్భిణులున్న ఇళ్ల నుంచి ఉత్తరాలు పెరిగాయి. ఈ వేడిలో నడవొచ్చా అని కొందరడిగారు. ఎక్కువమందిది మాత్రం పాత భయమే. మెట్లెక్కితే కడుపు పోతుందా? వంగి ఇల్లు ఊడవొచ్చా?

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగమో, అంతకంటే ఎక్కువో పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. తల్లి మెట్లెక్కినందుకు కాదు, వంగి ముగ్గేసినందుకూ కాదు. అయినా ఇంట్లో అందరూ ఆ పిల్లనే అంటారు, ‘ఆ రోజు కదలకుండా ఉండాల్సింది’ అని. దయచేసి ఆ మాట అనకండి.

ఒకావిడ ఏడో నెల కోడల్ని నా దగ్గరికి తీసుకొచ్చారు. అమ్మాయి కుర్చీలోంచి లేవాలన్నా అత్తగారి చెయ్యి పట్టుకుంటోంది. ‘మంచం దిగనివ్వట్లేదు డాక్టరమ్మా, మంచినీళ్లు కూడా నేనే అందిస్తున్నా’ అన్నారావిడ. అమ్మాయికి నడుం నొప్పి, మలబద్ధకం, రాత్రిళ్లు నిద్ర లేదు. గ్లూకోజు తాగించి 2 గంటలకు రక్తం పరీక్ష చేయిస్తే సుగర్ 140 దాటింది. ఇంతకీ పడుకోమన్నదెవరంటే, ఎవరూ లేరు. స్కానింగులోనూ తేడా లేదు. ‘మీ కాన్పులప్పుడు ఎన్నో నెల దాకా పొలం వెళ్లారమ్మా?’ అని అడిగాను. ‘నొప్పులొచ్చిన రోజు పొద్దున కూడా కలుపు తీశాను. మంచినీళ్లిచ్చే దిక్కు లేదు నాకు. ఆ కష్టం ఈ పిల్లకొద్దు’ అన్నారు. ఆ మాట విన్నాక గట్టిగా అనబుద్ధి కాలేదు, కానీ చెప్పక తప్పలేదు. కోడలికి ఎండలో కలుపు పని తప్పించండి, మంచిదే. అలాగని కాళ్లు కింద పెట్టనివ్వకపోతే కండ బలం పోతుంది, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచమన్నాను. భోజనం కాగానే అత్తా కోడళ్లిద్దరూ వసారాలో పావుగంట నడవమన్నాను. ఆ పిల్ల సుగర్ మందు లేకుండానే అదుపులోకొచ్చింది.

ఇబ్బందులేమీ లేని గర్భిణికి వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే రోజుకు అరగంట చొప్పున 5 రోజులు. అలవాటు లేనివాళ్లు 10 నిమిషాలతో మొదలుపెట్టండి. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి. ఈ ఎండల్లో అయితే పొద్దున్నే, లేదా పొద్దు వాలాక. వెళ్లేముందూ వచ్చాకా నీళ్లో మజ్జిగో తాగండి. నిండు బిందెలెత్తడం, స్టూలెక్కి బూజు దులపడం వద్దు. నాలుగైదు నెలలు దాటాక వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాలూ వద్దు. ఇన్నాళ్లూ పడుకోబెట్టి, తొమ్మిదో నెల రాగానే మామూలు కాన్పు కావాలని ఒక్కసారిగా ఇల్లంతా తుడిపించేవాళ్లున్నారు. అదీ తప్పే.

మాయ కిందికి ఉన్నవాళ్లు, గర్భసంచికి కుట్టు వేయించుకున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, రక్తం బాగా తక్కువున్నవాళ్లు తమ డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, కళ్లు తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా, ఒక్క కాలి పిక్కే వాచి నొప్పిపెట్టినా, బిడ్డ కదలిక తగ్గినా నడక ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మళ్లీ మంచం దగ్గరికే వస్తున్నాను. డాక్టరు రెస్టు తీసుకోమంటే అంతటితో లేచి వచ్చేయకండి. ఎందుకు, ఎన్నాళ్లు, స్నానానికి లేవొచ్చా, వంట చేసుకోవచ్చా, ఇంట్లో నడవొచ్చా అని అడగండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజు అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లి, ఆవిడ వింటుండగానే అడగండి.